వరండా లైటు

మా చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి ప్రార్థన చేసే బైబిలమ్మగారు, పట్టపగలైనా సరే, గుమ్మం ఎక్కగానే వరండా లైటు వేసేవారు. "వెలుగు దాచుకునేది కాదండి, ఆయ్" అనేవారు. ఆవిడ అటు వెళ్ళగానే నేను ఆర్పేసేవాణ్ణి.

కాగితాల్లో మేం హిందువులం. చర్చికి వెళతామని తేలితే మా అమ్మాయికి ఎస్సీ సర్టిఫికెట్టు రాదు. విచారణకు రెవెన్యూ ఆయన వస్తున్నాడని తెలిసి, గోడ మీది బైబిలు వాక్యాల క్యాలెండరు బీరువాలో దాచాను. ఆయన కాగితాలు చూస్తుండగా బైబిలమ్మగారు వచ్చి, అలవాటుగా లైటు వేశారు.

"ఎవరండీ ఈవిడ?" అన్నాడాయన.

ఆదివారాలు చర్చిలో సాక్ష్యం చెప్పే నోటితోనే, "పనావిడండి" అన్నాను.

ఆవిడ నా మొహంలోకి ఒకసారి చూశారు. చంకలోని బైబిలును పైట కిందికి జరుపుకుని, "ఆయ్, పనికొచ్చేనండి" అన్నారు. మూలనున్న చీపురు తీసుకుని మా వరండా అంతా ఊడ్చారు.

సర్టిఫికెట్టు వచ్చింది. అమ్మాయి కాలేజీలో చేరింది. మళ్ళీ ప్రార్థనకు వచ్చిన రోజున ఆవిడ గొంతులో కోపమేమీ లేదు. స్విచ్చి దగ్గర ఆగి, ఎన్నడూ అడగని మనిషి, మెల్లగా అడిగారు.

"లైటు వెయ్యమంటారా అండి?"