షాకప్‌కు చుట్టిన పట్టుదారం

మా బాపు బండి మీద నుంచి పడి తుంటి విరగ్గొట్టుకున్న రెండు నెలలకు, ఒక ఆదివారం పొద్దున ఆ బండి ముందు చక్రం విప్పాను. ఎడమ షాకప్ సీలు పోయి నూనె కారుతోంది. ఇప్పటిది కాదు. సీలు మార్పించమని బాపు మూడుసార్లు చెప్పాడు. "ఆదివారం చూద్దాంలే" అని మూడుసార్లూ అన్నది నేనే.

మెకానిక్‌కు ఇవ్వచ్చు. ఇవ్వలేదు. చేతులకు ఏదో ఒక పని కావాలి, అంతే. బాపు పడిన రోజు నుంచి నాకు ఏడుపూ రాలేదు, కోపమూ రాలేదు. లోపలంతా తిమ్మిరెక్కిన కాలులా ఉంది.

ఇంజను కింద ఇటుకలు పెట్టాను. షాకప్ అడుగు బోల్టు తిప్పుతుంటే లోపలి రాడ్ కూడా దాంతోపాటే తిరుగుతోంది. థూ, దీని పాడుగాను! పైమూత తీసి గొట్టంలోకి కర్ర దూర్చి అదిమి పట్టుకుంటే ఆగుతుందని ఫోన్లో చూశాను. అంత లావు కర్ర ఇంట్లో ఒక్కటే ఉంది, బాపు మగ్గానికి. వెళ్లి లాగాను.

మంచం మీద నుంచి బాపు చూశాడు. "మగ్గం కర్రనా అది?"

"ఊఁ. మళ్ల పెడతలే."

"పెట్టకున్నా ఏం గాదు. మగ్గం గుంటల దిగే కాళ్లేడియి నాకు?"

నాకేమీ అనిపించలేదు. బోల్టు ఊడింది. నల్లటి నూనె డబ్బాలోకి కారింది. షాకప్ మీది రబ్బరు తొడుగు పైకి జరిపితే, దాని కింద ఎర్రటి పట్టుదారం చుట్టి ఉంది. సందు లేకుండా, పోగు పక్కన పోగు. చివర ముడి చూడగానే తెలిసిపోయింది. తెగిన పోగుల్ని అతికే ముడి. అంత సన్నగా వేసేది మా ఇంట్లో బాపు ఒక్కడే.

నేతగాడు కాకపోతే నూనె కారే చోట దారం చుట్టేదెవడు? ఏది తెగినా, ఏది కారినా ఆయనకు మందు దారమే. నాకు చెప్పీ చెప్పీ విసిగి తనే చుట్టుకున్నాడు. దారం తాగినంత తాగి మిగిలింది కిందికి వదిలింది. కింద బ్రేకు డిస్కు ఉంది. దాని నిండా జిడ్డు. బ్రేకు ఇంకెక్కడ పట్టేది?

పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరికీ బాపు ఒకటే చెప్పాడు, గుట్ట రోడ్డు మలుపులో కుక్క అడ్డమొచ్చిందని. నేనూ అదే చెప్పాను.

కత్తెర తీసుకున్నాను.

"కొయ్యకు," అన్నాడు బాపు. "పట్టుదారం గది. ముడి విప్పు."

విప్పాను. చాలాసేపు పట్టింది. పాత సీలును చెంచా కాడతో పెకిలించాను. కొత్త దాని అంచు చిరగకుండా గొట్టానికి పాలకవరు తొడిగి జార్చాను. ప్లాస్టిక్ పైపు ముక్క ఆనించి సుత్తితో కొట్టి కూర్చోబెట్టాను. నూనె పోసి, డిస్కు కడిగి, బ్రేకు ప్యాడ్లు మార్చి, చక్రం ఎక్కించాను. హ్యాండిల్ పట్టుకుని ఎంత నొక్కినా చుక్క రాలేదు. అంతా కలిపి ఒక్క పూట పని.

చేతులు తుడుచుకుని మంచం దగ్గరికి వెళ్లాను. "బాపూ, నిజంగ కుక్క వచ్చిందా?"

బాపు చెయ్యి చాపాడు. దారం అందులో పెట్టాను. ఆ జిడ్డు దారాన్ని వేలికి చుట్టుకుంటూ అన్నాడు.

"ఏం రంగుదని గూడ అడుగుతరు జనం. నల్లదని చెప్పు. నేను గట్లనే చెప్పిన."