ఫ్యాన్ కాడ లొల్లి

నిరుడు మే నెలలో ఓ మధ్యాహ్నం మా అత్తమ్మ కూర్చున్నచోటే ఒరిగిపోయింది. ఎంత పిలిచినా పలకలేదు. ఒళ్లు చల్లగా ఉంది. భయంతో చివ్వెంల నుంచి ఆటోలో సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాం.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ, "ఇంత ఎండలో ఈమెకు దుప్పటేంది?" అని అడిగింది.

"ఎప్పుడూ గంతే మేడం! చలి అంటది, ఫ్యాన్ బంద్ చేస్తది. ఇంట్ల రోజూ గదే లొల్లి," అని ఏడుస్తూనే గట్టిగా అనేశాను. వార్డంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోయాను.

డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు. నర్సును పిలిచి, "షుగర్‌తో పాటు థైరాయిడ్‌కు కూడా రక్తం తియ్యి," అంది. అసలు రోగం అందులోనే బయటపడింది: థైరాయిడ్ బాగా తగ్గిపోయి, ఒంట్లో వేడే పుట్టడం లేదట.

ఇప్పుడు అత్తమ్మ రోజూ పరగడుపున గోళీ వేసుకుంటోంది. మొన్న నేను వంట చేస్తుంటే కేకేసింది: "పిల్లా, జర ఫ్యాన్ పెంచు, ఉడకపోస్తంది!"

ఆ మాట కోసం నేనెన్ని ఎండాకాలాలు చెమటలు కక్కానో!