ముప్పై ఒక్క దుంపలు

పక్షవాతం వచ్చి ప్రాణం దక్కాక ఫెస్టస్ గావన్‌కి మూడు మాటలు మిగిలాయి. ఉప్పు, కాదు, ఎవరివి. వాటితోనే రోజంతా నెట్టుకొస్తాడు. చర్చి ఫాదర్ వచ్చి మంచం పక్కన కూర్చుంటే ఆయన బూట్లు చూసి "ఎవరివి?" అంటాడు. నర్సు సూది తీస్తే "కాదు" అంటాడు. సూప్‌లో ఉప్పు సరిపోయినా సరే "ఉప్పు" అంటాడు. భార్య డీలియాకి మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత అలవాటైంది. "యాభై ఏళ్లలో నాతో ఇంతకన్నా ఎక్కువ మాట్లాడిందెప్పుడులే" అంది ఒకరోజు పొరుగింటి కోల్మన్ టోల్‌తో. నవ్వాలో వద్దో తెలియక కోల్మన్ టోపీ సర్దుకున్నాడు.

డీలియాకి డెబ్బై నాలుగేళ్లు. ఐర్లండ్‌లో మేయో పడమటి తీరంలో, సముద్రానికి రెండు పొలాల ఇవతల ఉంటుంది ఇల్లు. పిల్లలు లేరు. ఆమె ముప్పై ఏళ్లు పట్నం హోటల్లో గదులు సర్దింది. ఫెస్టస్ కౌన్సిల్ రోడ్ల పనిలో గుంతలు పూడ్చాడు. ఇంట్లో మాత్రం పని పంపకం మొదటి రోజే జరిగిపోయింది. వెనక తలుపు గడప వరకు డీలియాది, గడప దాటితే ఫెస్టస్‌ది. ఆమె పెరట్లో బట్టలు ఆరేసేది తప్ప ఒక్కనాడూ పార పట్టలేదు. బంగాళాదుంపలు వండడానికి కావాలంటే తలుపు దగ్గర నిలబడి గిన్నె చాపేది. ఆయన తవ్వి, మట్టి దులిపి గిన్నెలో వేసేవాడు.

ఆ దుంపల సంగతి వేరు. వాటికి పేరు లేదు. ఊళ్లో గావన్ దుంపలు అంటారు, అంతే. ఫెస్టస్ వాళ్లమ్మ పెళ్లై వచ్చినప్పుడు ఆప్రాన్‌లో కట్టుకొచ్చిందట. తొక్క ముదురు ఎరుపు, మొలకలొచ్చే కళ్లు లోతు, ఉడికితే పిండిలా విచ్చుకుంటాయి. ఒకసారి ఎవరో వ్యవసాయ శాఖ ఆయన వచ్చి అటూ ఇటూ తిప్పి చూసి, ఇది పాతకాలపు రకమేదో అయ్యుండాలి, కాకపోనూవచ్చు అని చెప్పి టీ తాగి వెళ్లాడు. ఫెస్టస్ ఏటా అందులోంచే విత్తనం తీసేవాడు. కొన్నది లేదు, ఇచ్చిందీ లేదు. విత్తనం గడప దాటితే ఇంటి అదృష్టం దాటినట్టే అని వాళ్లమ్మ మాట.

పోయిన జూలై ఆఖర్లో ఆయన పెరట్లోనే పడిపోయాడు. మందు కొట్టే పంపు భుజానికి తగిలించుకుని, మైలుతుత్తం కలుపుతూ కలుపుతూ పడ్డాడు. ఆ మందు బోదెల మీద పడనేలేదు. తర్వాత మూడు వారాలు డీలియా ఆసుపత్రికీ ఇంటికీ బస్సులో తిరిగింది. బస్సులో రేడియో మోగేది. వాతావరణం చెప్పి, చివర్న పడమటి జిల్లాల్లో ఆకుమాడు తెగులు హెచ్చరిక అని చెప్పేది. రెండుసార్లు విన్నది. ఎవరికో చెబుతున్నట్టే విన్నది.

ఆగస్టు మధ్యలో బట్టలు తీయడానికి పెరట్లోకి వెళ్తే ఆకుల మీద నల్లమచ్చలు, ముక్కుకి కుళ్లువాసన. అప్పుడే కాడలన్నీ కోసి దూరంగా పారేసి ఉంటే సరిపోయేది. చిన్నపిల్లకి కూడా తెలిసిన సంగతి. డీలియాకీ తెలుసు. కొడవలి చేతికి తీసుకుంది కూడా. కానీ అవి ఫెస్టస్ బోదెలు. మనిషి ఆసుపత్రిలో ఉండగా ఆయన పంట కోస్తే, ఆయన ఇక రాడని ఒప్పుకున్నట్టు అనిపించింది. కొడవలి మళ్లీ మేకుకి తగిలించింది.

నాలుగు రోజుల్లో గాలి తెగులుని గోడ దాటించింది. కోల్మన్‌వి పన్నెండు బోదెలు పోయాయి. ఆ కింద ఒంటరిగా ఉండే టెస్సీ లావెల్ పెరడు మొత్తం పోయింది. కోల్మన్ ఏమీ అనలేదు. అక్టోబర్లో వచ్చి గావన్ల పెరడు తవ్వి, బాగున్నవి ఏరి పెట్టాడు. ఏరినవాటిలోనూ సగానికి పైగా కొట్టంలో కుళ్లిపోయాయి. టెస్సీ మాత్రం చర్చిలో డీలియా పక్కన కూర్చోవడం మానేసింది. ఆ చలికాలమంతా ఆ వీధిలో మూడిళ్లవాళ్లూ దుకాణం దుంపలు ప్లాస్టిక్ సంచుల్లో మోసుకొచ్చారు. దుంపలు కొనుక్కు తినడం ఆ ఊళ్లో నలుగురి కంటా పడే నామోషీ.

ఫిబ్రవరికి ఒక్క బకెట్ మిగిలింది. డీలియా లెక్కపెట్టింది. ముప్పై ఒకటి.

కో-ఆపరేటివ్ దుకాణంలో విత్తనాల దగ్గర ఉండే నోయెలీన్‌కి నలభై ఏళ్లుంటాయి. మాట సూటి.

"తెగులు పట్టిన మడిలోంచి తీసిన విత్తనమా? వద్దు మిసెస్ గావన్."

"పైకి బాగానే ఉన్నాయి."

"మా ఆయనా పైకి బాగానే ఉంటాడు. కోసి చూడండి. తొక్క కింద తుప్పు రంగు కనపడితే పట్టినట్టు."

"కనపడకపోతే?"

"లేకపోవచ్చు. ఉండి కనపడకపోవచ్చు. ఒక్క దుంపలో మిగిలినా చాలు, జూన్‌లో వాన పడితే అక్కడినుంచే లేస్తుంది. నేను మాటివ్వలేను." ఆమె వెనక అరలోంచి ఒక వల సంచి తీసి బల్ల మీద పెట్టింది. "ఓర్లా రకం. తెల్లతొక్క. తెగులుని బాగానే తట్టుకుంటుంది. త్వరగా వస్తుంది. మీరు మొదటిసారి వేస్తున్నారు కాబట్టి ఇదే వేయండి."

"రుచి?"

"దుంప రుచే ఉంటుంది" అంది నోయెలీన్. "ఆ పాతవి ఎరువుకుప్పలో మాత్రం వేయకండి, మొలిచి అంటిస్తాయి. లోతుగా పాతిపెట్టండి, లేకపోతే ఉడకబెట్టి పందికి పెట్టండి."

"మాకు పంది లేదు."

"అయితే మీరే తినాలి మరి" అని నవ్వి, అంతలోనే ఎందుకో నాలిక కరుచుకుంది. కరువు రోజుల్లో విత్తనం వండుకు తిన్న ఇంటిని ఆ ఊళ్లో ఇప్పటికీ పేరు పెట్టి చెబుతారు. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఆ ఇంటి మనవళ్ల మనవళ్లకి ఆ పేరు వదల్లేదు.

ఓర్లాలు ఇంటికి తెచ్చి కోడిగుడ్ల అట్టల్లో నిలబెట్టింది, కళ్లు పైకి ఉండేలా. మొలకలు పొట్టిగా, గట్టిగా రావాలంటే వెలుతురు కావాలి. ఇంట్లో వెలుతురు ఉన్న కిటికీ ఒక్కటే, ఫెస్టస్ మంచం పక్కది. ఏటా ఆయన అట్టలు పెట్టుకునేదీ అక్కడే.

ఆయన కళ్లు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఎవరివి?"

ఈసారి మాట సరైన చోటే పడింది. తెల్లతొక్క దుంపలు ఆ కిటికీలో ఎన్నడూ కూర్చోలేదు.

"కోల్మన్‌వి" అంది డీలియా. "వాళ్లింట్లో ఎండ పడట్లేదట. నాలుగు రోజులు ఉంచమన్నాడు."

"కాదు" అన్నాడు ఫెస్టస్. అబద్ధమని అన్నాడో, ఉంచొద్దని అన్నాడో ఆమెకి అర్థం కాలేదు. ఆ తర్వాత రోజూ పొద్దున్నే కర్టెన్ తీయగానే అదే మాట. ఎవరివి. ఆమెదీ రోజూ అదే అబద్ధం. మూడో రోజు నుంచి మొహం చూడకుండా చెప్పడం మొదలుపెట్టింది.

మార్చి మొదటి వారంలో కొట్టంలో కూర్చుని ముప్పై ఒకటీ కోసింది. కత్తిని ప్రతిసారీ వేడినీళ్లలో ముంచి తుడుచుకుంది. తొమ్మిదింటిలో తొక్క కింద తుప్పు మరక ఉంది. ఇరవై రెండు తెల్లగా, తడిగా, మచ్చ లేకుండా ఉన్నాయి. వాటిని మళ్లీ మళ్లీ వెలుతురుకి పట్టి చూసింది. ముక్కలు చేసి బూడిద అద్దితే మూడు బోదెలకి సరిపోతాయి. గోడ వారగా వేస్తే ఎవరు చూస్తారు? అవి ఏ రకమో ఆకు చూసి చెప్పగలిగేది ఆ ఊళ్లో ఫెస్టస్ ఒక్కడే. ఆయన లేవలేడు.

ఆ ఆలోచనతోనే కోల్మన్ ఇంటికి వెళ్లింది. అతను వాకిట్లో, బోదెలకి ఎరువుగా వేసే సముద్రపు నాచు ట్రాలీలోంచి దింపుతున్నాడు.

"ఒక సంగతి అడగాలి. మా విత్తనం ఎవరి దగ్గరైనా ఉంటుందంటావా?"

"ఫెస్టస్ ఎవరికిచ్చాడు డీలియా? మా నాన్న ఒక్కటంటే ఒక్కటి అడిగితే అదృష్టం గురించి పాఠం చెప్పి పంపాడు."

"తెలుసులే. ఊరికే అడిగాను."

కోల్మన్ ముళ్లపార నేలకి గుచ్చి, దాని మీద చేతులు ఆనించాడు. "నీకు తెలియనిది ఒకటుంది. మా నాన్న దొంగిలించాడు."

"ఏంటి?"

"మీరిద్దరూ నాక్ మేరీమాత చర్చికి యాత్ర వెళ్లిన ఆదివారం. కోటు జేబులనిండా. ఆ కోటు జేబులు చూశావుగా, గొర్రెపిల్ల పడుతుంది."

డీలియా ఒక అడుగు ముందుకేసింది. "మరి? ఇప్పుడెక్కడున్నాయి?"

"నాలుగేళ్లు వేశాడు, కొట్టం వెనక, మీకు కనపడకుండా. ఐదో ఏడు వానలకి మొత్తం మాడిపోయాయి. దొంగసొత్తు నిలవదని మా అమ్మ చచ్చేదాకా దెప్పింది."

డీలియా గోడ మీద కూర్చుంది. కోల్మన్ వాళ్ల నాన్న పోయి పద్దెనిమిదేళ్లు. దొంగిలించినందుకు ఆమెకి కోపం రాలేదు. దొంగిలించి, నిలబెట్టుకోలేకపోయినందుకు వచ్చింది.

"మచ్చ లేనివి ఇరవై రెండున్నాయి" అంది చివరికి. "మూడు బోదెలు."

కోల్మన్ సముద్రం వైపు చూశాడు. వేయొద్దు అంటాడని ఎదురుచూసింది. అంటే గట్టిగా వాదించేది. ఇన్నేళ్ల విత్తనం, మా అత్తగారి విత్తనం అని అరిచేది.

"నీ ఇష్టం" అన్నాడు. ముళ్లపార పైకి లాగి, "టెస్సీ ఈసారి ఆరు బోదెలే వేస్తానంది. ఒంట్లో బాగోలేదట" అన్నాడు. మళ్లీ నాచు దింపడంలో పడిపోయాడు.

ఇంటికి వస్తూ డీలియా దారి పొడుగునా అతన్ని తిట్టుకుంది. నీ ఇష్టం అనే మనిషితో ఎలా పోట్లాడతాం?

మార్చి పదిహేడున, సెయింట్ పాట్రిక్ పండగ రోజు మొదటి దుంపలు భూమిలో పడాలి. పండగకి ముందురోజు మధ్యాహ్నం ఆమె తుప్పు మరకవి తొమ్మిదీ పారతో గొయ్యి తీసి పాతిపెట్టింది. జీవితంలో మొదటిసారి పార పట్టడం. మోకాలు లోతు రావడానికి గంట పట్టింది. తర్వాత వంటింట్లోకి వచ్చి ఇరవై రెండూ సింక్‌లో పోసింది. చీకట్లో ఉన్నవి కాబట్టి పచ్చబడలేదు. మొలకలు ఒక్కొక్కటే గిల్లింది. అవి గులాబీరంగులో, చిటికెన వేలి గోరంత ఉన్నాయి. గిల్లినవి పొయ్యిలో వేసింది. కోసిన చోట ఎండిన పొర చెక్కేసి, మిగతా తొక్క అలాగే ఉంచి పెద్ద గిన్నెలో ఉడకబెట్టింది. నీళ్లు వంచి, గిన్నె మీద గుడ్డ కప్పి ఆవిరి పోనిచ్చింది. తొక్కలు పగిలి పిండి బయటకొచ్చింది. ఇల్లంతా ఆ వాసన, ఏటా ఆగస్టులో వచ్చే వాసన.

ఆరింటిని పళ్లెంలో పెట్టి, వెన్న వేసి తీసుకెళ్లింది. ఫెస్టస్‌ని దిండ్లకి ఆనించి కూర్చోబెట్టింది. ఆయన పళ్లెంలోకి చూశాడు. మంచి చేత్తో ఒకదాన్ని తిప్పి, తొక్క చూశాడు. కళ్ల లోతు బొటనవేలితో తడిమాడు. సగానికి కోసి ఉన్న వైపు చూశాడు. దుంపని అలా సగానికి కోసేది విత్తనం కోసమే, వంటకి కాదు. అది ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తర్వాత కిటికీలోని తెల్లవాటిని చూశాడు. వాటి నుంచి ఆమె మొహంలోకి చూశాడు.

"ఎవరివి?"

కోల్మన్‌వి అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. డీలియా మంచం అంచున కూర్చుంది.

"నీవే" అంది. "ఇవే ఆఖరివి. వేస్తే మళ్లీ కోల్మన్‌వీ టెస్సీవీ పోతాయేమోనని భయం. పోయినేడు కాడలు కొయ్యాల్సింది, నేను కొయ్యలేదు. ఆ కిటికీలోవి నేను కొన్నాను. రేపు వేస్తాను."

ఫెస్టస్ కాదు అనలేదు. బయట ఎవరిదో ట్రాక్టర్ వెళ్లింది. తర్వాత ఆయన దుంపని చేత్తోనే విరిచి నోట్లో పెట్టుకున్నాడు. నెమ్మదిగా నమిలి మింగాడు. రెండోది తీసుకున్నాడు.

"ఉప్పు" అన్నాడు.

ఆమె వంటింట్లోకి వెళ్లింది. ఉప్పు డబ్బా ఎదురుగానే ఉంది. దాన్ని పట్టుకుని సింక్ దగ్గర కొంచెంసేపు నిలబడి, ఆ తర్వాత తీసుకెళ్లింది.

మర్నాడు కోల్మన్ వచ్చి బోదెలు ఎత్తాడు, నాచు పరిచాడు. ఓర్లాలు డీలియానే తన చేత్తో పెట్టింది, జానెడు ఎడం చొప్పున. ఫెస్టస్ చేసినట్టే మొదటి బోదె మీద చర్చి నుంచి తెచ్చిన పవిత్ర జలం చల్లింది. లోతు సరిపోయిందా అని అడగడానికి అలవాటుగా కిటికీ వైపు తిరిగింది. ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

ఆ తర్వాత పొద్దున్నే కర్టెన్ తీసినప్పుడు ఆమె ఒక్క క్షణం ఆగి వింటుంది. ఫాదర్ బూట్లు వేసుకునే వస్తున్నాడు, నర్సు గొడుగు మంచం మీదే పెడుతోంది. ఫెస్టస్ అన్నీ చూస్తాడు. కాదు అంటాడు, ఉప్పు అంటాడు. మూడో మాట మళ్లీ అనలేదు.