నుదుటితో నొక్కిన బోణీ

“నా ఫోను ముట్టకే. ఏదో నొక్కీసి పాడు సేత్తావు.”

“నీ ఫోను నాకెందుకు? నెత్తి మీద ఎట్టుకుని ఊరేగు.”

మా ఆయనా నేనూ ఆఖరిసారి అనుకున్న మాటలు ఇవే. ఆ మాట అని ఆయన హార్బరుకి వెళ్ళాడు. జెట్టీ మీద వల సర్దుతూ కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. ఆఖరున కాస్త మంచి మాటలు అనుకుని ఉండాల్సిందని చుట్టాలన్నారు. నాకలా అనిపించదు. మేము రోజూ మాట్లాడుకునే తీరే అది. ఫోను మాత్రం నా చేతికొచ్చింది. మోగితే ఎత్తడం, మాటయ్యాక పెట్టేయడం, అంతవరకే. మిగతాదేదీ ముట్టుకోవాలంటే భయం.

నేను చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కంచరపాలెం సందులన్నీ తిరిగినదాన్ని. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. గొంతు పోయినా బేరం పోలేదు గానీ, ఈ మధ్య మోకాళ్ళు మొరాయించాయి. మెట్లెక్కలేను, తట్టతో గతుకుల్లో నడవలేను. వ్యాపారం మానేసి కోడలు వండింది తింటూ కూర్చోవడం నాకు చేతకాదు. కోడలా, నీ వంటకి పెడుతున్న వంక కాదిది, నేను చెప్పింది చెప్పినట్టు రాయి.

అలాంటప్పుడు మా పేటలోకి ఒక ఆఫీసు వాళ్ళు వచ్చారు. చేపలమ్మే ఆడవాళ్ళ కోసం వెబ్‌సైటు తయారుచేస్తున్నారట. కావలసినవాళ్ళు ఫోన్లో అడుగుతారు. మేము ఇంటి దగ్గరే చేప బాగుచేసి ఉంచితే బండి మీద వచ్చి పట్టుకుపోతారు. నడవక్కర్లేదు. నాకు ఆ ఒక్క మాట చాలు. కాకపోతే ముందు కొంతమంది చేత వాడించి చూస్తామన్నారు. అంటే పరీక్షన్నమాట. నేను బడి మొహం సరిగ్గా చూసినదాన్ని కాదు. ఇందులో తప్పితే ఇక నా వ్యాపారం అయిపోయినట్టే అనుకున్నాను.

పరీక్ష పెట్టడానికి ఒక పిల్ల వచ్చింది. గోదావరి వైపు వాళ్ళట. నాన్నకి స్టీలు ప్లాంటులో పని కాబట్టి ఇక్కడే పుట్టి పెరిగింది. మా అరుగు మీద కూర్చుని, నేను చేసేది కనబడేలా చిన్న కెమెరా నిలబెట్టింది.

“మామ్మగారూ, మేం పరీక్షించేది మిమ్మల్ని కాదండి, మా సైటుని.”

“ఊరుకోమ్మా. సూది గుచ్చే ముందు డాట్టరు కూడా నొప్పుండదనే సెప్తాడు.”

నవ్వింది. “నేను సాయం చెయ్యకూడదండి, ఏమీ అనుకోకండి. మీ మనసులో ఏమనుకుంటే అదంతా పైకి చెప్తూ ఉండండి.”

వెనక నుంచి కోడలు పకపకా నవ్వింది. “మాయత్త పైకి సెప్పకుండా అనుకున్నదేటైనా ఉంటే కదండీ!”

ఆ పిల్ల మా ఆయన ఫోన్లో సైటు పెట్టి, తన ఫోన్లోంచి ఉత్తుత్తి ఆర్డరు ఒకటి పంపింది. ఫోను టింగుమంది. వంజరం బొమ్మ, దాని కింద ఆకుపచ్చ బటను, పక్కనే ఎర్ర బటను. కోడలు నోరు తెరవబోతే ఆ పిల్ల పెదవుల మీద వేలు పెట్టి ఆపింది. నేనే మొదలెట్టాను.

“వంజరం అడుగుతన్నారు, ఎవులో మారాజు... పచ్చది ఒప్పుకోడానికే అయ్యుంటాది, రైలుకైనా పచ్చజెండాయే ఊపుతారు కదేటి... నొక్కుతన్నాను... నొక్కీసాను!”

గంట మోగింది. ‘ఆర్డరు మీదే’ అని ఫోన్లోంచి ఆడగొంతు పలికింది. పొద్దున్నే మొదటి బేరం! బోణీ చేతిలో పడితే చేపలమ్మే మనిషి ఏం చేస్తుంది? రెండు చేతులా ఫోను ఎత్తి, కళ్ళకద్దుకుని, నుదుటికి ఆనించి దండం పెట్టుకున్నాను. గట్టిగానే ఆనించాను.

దించి చూస్తే వంజరం లేదు. అద్దం నిండా ఎరుపు.

“ఓలమ్మో! సేప ఏదే?”

“ఎర్రది నొక్కీసినావత్తా, నుదుటితో. ఆర్డరు పోనాది.”

బోణీ బేరం నేనే తిప్పి పంపేశాను! ఆయన అన్నంతా అయ్యింది. ఆ ఎరుపు పోతుందేమోనని కొంగుతో అద్దం తుడిచి చూశాను. ఆ పిల్ల మాత్రం పెద్ద చేప వలలో పడ్డట్టు సంబరపడిపోతోంది.

“ఇప్పుడు ఫోను పైకి ఎందుకెత్తారండీ?”

“బోణీ కదమ్మా. కళ్ళకద్దుకోనేటి?”

“అందరూ ఇలాగే చేస్తారా?”

“సెయ్యనిదాన్ని నువ్వు సూపించు. ముందిది సెప్పు, నాను తప్పిపోనానా?”

“తప్పింది మా సైటండి. ఆ ఎర్రదాన్ని అక్కడ పెట్టింది నేనే.”

మర్యాదకి అంటోందనుకున్నాను. టీ తాగి వెళ్ళిపోయింది. ఇక రారులే అని రోజులు లెక్కపెట్టడం కూడా మానేశాను. పేటంతా ఒకటే నవ్వు. కుళాయి దగ్గర ఈ కబురు కోడలే మోసేసింది, “బుర్రతో బేరం తిప్పీసినాది మాయత్త” అని. ఇదీ రాయి, దాచకు.

ఒక ఉదయం ఆ పిల్ల మళ్ళీ వచ్చి, నా ఫోన్లో ఏదో మార్చి చేతికిచ్చింది. వంజరం వచ్చింది, పచ్చది నొక్కాను. ఈసారి ఎర్రది మాయమైపోయి చేప ఒక్కటే మిగిలింది.

“కాసేపు ఏది తగిలినా పలకదండి. మీ ఇష్టం వచ్చినట్టు అద్దుకోండి.”

కళ్ళకద్దుకున్నాను. నుదుటికి ఆనించాను. నమ్మకం చాలక రెండు బుగ్గలకీ రాశాను. కోడలి నుదుటికి కూడా ఒత్తి చూశాను. చేప కదలలేదు.

“ఆఫీసులో ఇప్పుడు ఏ బటను పెట్టినా ముందు నుదుటితో ఒత్తి చూస్తున్నామండి,” అంది ఆ పిల్ల. “మా సారు కూడా!”

“మరి నన్ను సేర్చుకుంతారా?”

“మిమ్మల్ని ఎప్పుడో చేర్చేశామండి. మీరే నమ్మలేదు.”

నిన్న అసలైన ఆర్డరు వచ్చింది. మల్కాపురంలో ఎవరో ఇల్లాలు కానాగంత చేపలు అడిగింది. పీట మీద కూర్చునే పొలుసు తీసి, కడిగి, మూట కట్టాను. బండి వచ్చి పట్టుకుపోయింది. మోకాలు ఒక్కసారైనా కలుక్కుమనలేదు. సాయంత్రం ఆవిడ ఇంకో రోజుకి రొయ్యలు కూడా చెప్పింది.

కోడలా, ఇక రాయకు. రొయ్యలు వలవాలి, ఈలోగా మొదటి నుంచీ ఓసారి చదివి వినిపించు. నెమ్మదిగా చదువు, మాటలు మింగకు.