మా బిడ్డది గుర్రం సంవత్సరం

ఒమాన్‌లోని రైసూత్‌లో మా ఫ్యాక్టరీ ఫోర్‌మన్ లీ చైనా మనిషి. ఈసారి వాళ్ల కొత్త సంవత్సరానికి రూమ్ తలుపుకు ఎర్ర కాగితాలు అంటించి మమ్మల్ని భోజనానికి పిలిచాడు. వాళ్లకు ఏడాదికో జంతువు. పన్నెండేళ్లకు మళ్లీ మొదటిదే వస్తుందట. అందరి పిల్లలు పుట్టిన సంవత్సరం అడిగి, ఆ జంతువు బొమ్మను ఎర్ర కాగితంతో కత్తిరించి ఇస్తున్నాడు.

"తేరీ బేటీ?" అని నన్ను అడిగాడు. ఎంత ఆలోచించినా సంవత్సరం గుర్తు రాలేదు. నా రెండో వీసాలో పుట్టిందని మాత్రం చెప్పాను. అందరూ నవ్వారు. తలెత్తలేక జగిత్యాలలో ఉన్న నా భార్యకు ఫోన్ చేశాను.

"బిడ్డ ఏ సంవత్సరంల పుట్టింది?"

"నువ్వు రెండోసారి మస్కట్ పోయిన మూడు నెలలకు" అంది.

పక్కనుంచి బిడ్డే అందుకుంది. "రెండు వేల పద్నాలుగు, బాపూ."

లీ వేళ్లు మడిచి లెక్కపెట్టి, గుర్రాన్ని కత్తిరించాడు. ఈ ఏడూ గుర్రానిదేనట.

సెలవు దొరికితే తన చేతికే ఇద్దామని ఆ బొమ్మను పెట్టెలో దాచాను. బిడ్డ పుట్టిన గుర్రం సంవత్సరం మళ్లీ తిరిగి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క పుట్టినరోజుకూ నేను ఇంట్లో లేను.