హారతి పట్టిన ఎరలు

టూవూంబా ఆస్పత్రిలో ఇరవై ఎనిమిదేళ్లు ఎక్స్‌రేలు తీసి రిటైరైన కనకరాజుకి లోకమంతా నలుపు తెలుపుల్లోనే కనిపిస్తుంది. అందుకే వానరోజు బాస్ చేపకి నల్ల ఎరే వేయాలని ఆయన వాదన. బురదనీళ్లలో కింద నుంచి పైకి చూసే చేపకి నల్లటి నీడ ఒక్కటే కనబడుతుందట. ఆయన ఈ సంగతి చెబుతుంటే డ్యామ్ ఒడ్డున పెలికాన్ కొంగలు కూడా రెక్కలు ముడుచుకుని వినేవి. మూడేళ్లలో ఆయన గాలానికి ఒక్క బాసూ పడలేదన్నది వేరే సంగతి.

ఇప్పుడు ఆ వేరే సంగతే ఆయన మెడకి చుట్టుకుంది. కూతురి కూతురు లిఖిత, పదకొండేళ్లది, తెల్లవారితే అమ్మానాన్నలతో మెల్‌బోర్న్ వెళ్లిపోతోంది. పాయింట్ కుక్‌లో కొత్త ఇల్లు, కొత్త స్కూలు. వెళ్లేలోపు బాస్ చేపని దాని చేతిలో పెడతానని ఆయన మాటిచ్చాడు. మిగిలింది డ్యామ్ ఒడ్డున ఈ ఒక్క మధ్యాహ్నం. పైన ఆగని వాన.

"తాతా, ఆర్ దేర్ ఈవెన్ ఫిష్ ఇన్ హియర్?"

"ఎందుకు లేవమ్మా! చూస్తూ ఉండు" అంటూ కనకరాజు ఎరల డబ్బా మూత తీశాడు. తీసి, కెవ్వుమన్నాడు.

మొన్న గంటసేపు ఏరి సర్దిన నల్ల రబ్బరు ఎరలన్నీ కరిగి, ముద్దయి, మాడిన అట్టులా డబ్బా అడుగున అతుక్కుపోయాయి. మిగిలింది ఒకే ఒక్క రేకు ఎర. దాని ఒళ్లంతా నూనె కలిపిన పసుపు, నడినెత్తిన కుంకుమబొట్టు.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. "శ్యామా! నా డబ్బాని ఏం చేశావే?"

"నిన్న ఆయుధపూజ కదండీ" అంది భార్య శ్యామసుందరి. "కారుకీ, మిక్సీకీ, లాన్ మూవర్‌కీ బొట్టు పెట్టాను. మీ ఆయుధాలు ఏం పాపం చేశాయి? కర్పూరం గాలికి ఆరిపోతుంటే హారతి పళ్లెం అందులోనే పెట్టాను."

"అందులోనా!"

ఆయన బండరాయి మీద కూలబడ్డాడు. ఈలోగా లిఖిత ఆ పసుపు రేకుని దారానికి కట్టేసింది.

"వద్దమ్మా, పసుపు పనికిరాదు, ఈ నీళ్లలో..."

"ఇట్స్ ది ఓన్లీ వన్ వీ హావ్, తాతా."

విసిరింది. రేకు గిరగిరా తిరుగుతూ, రొద చేస్తూ ఒడ్డుకొచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి గాలం కర్ర విల్లులా వంగిపోయింది.

"తాతా, పట్టుకో! పట్టుకో!"

మూడేళ్ల తర్వాత చేప పడినందుకు నోరు తెరవాలో, ఆ పిల్ల నోట తెలుగు వచ్చినందుకు తెరవాలో కనకరాజుకి తెలియలేదు. రెండిటికీ కలిపి ఒకేసారి తెరిచాడు. వాననీళ్లు గొంతులోకి పోయాయి.

చేప మూరెడుంది. పెదవికి కుంకుమ అంటింది. లిఖిత రెండు చేతులా పట్టుకుని, నీళ్లలో ఉంచి, అది మొప్పలాడించేదాకా చూసి, మెల్లగా వదిలేసింది. బురదనీళ్లలో చేప వెతికేది రంగుని కాదు, కదిలే చప్పుడుని అని ఆయనకి అప్పుడు వెలిగింది. ఎక్స్‌రేకి చప్పుడుండదు మరి. ఆ వైపు ఆయన ఆలోచనే పోలేదు.

ఇంటికొచ్చి చెప్పగానే శ్యామసుందరి గుండె మీద చెయ్యేసుకుంది.

"దసరా పండగపూట చేపా! అదీ అమ్మవారి పసుపు పెట్టిన దానితోనా!"

"వదిలేశాంలేవే."

"వదిలేస్తే మాత్రం! లిఖితా, ముందు చేతులు కడుక్కో."

లిఖిత పసుపు వేళ్లని వీపు వెనక దాచుకుంది.

"నో, అమ్మమ్మా. నాట్ టిల్ పాయింట్ కుక్."