ఎడమ చెవికి రెండు గాట్లు

ఆయన్ని అందరూ గుర్తులాయన అనే పిలిచేవారు. గొర్రె చెవికి పెట్టిన గాటు చూసి అది ఎవరి మందదో ఠక్కున చెప్పేసేవాడు మరి. సరిహద్దు గేటు పక్కన రేకుల గదిలో ఆయనకో బల్ల, ఓ కుర్చీ, ఓ లావుపాటి పుస్తకం. అటూ ఇటూ వాన చాలని మెట్ట నేలే. ఎండలు ముదిరాక అవతలి మందలు ఇవతలి ఏటి ఒడ్డు గడ్డికి వచ్చేవి. నాలుగు చినుకులు పడ్డాక ఇవతలివి అవతలి మిట్టలకు వెళ్ళేవి. గేటు దాటే ప్రతి మంద గుర్తూ ఆ పుస్తకంలోకి ఎక్కాలి. తగువొస్తే ఆ పుస్తకమే తేల్చాలి. దొంగతనం తేలితే ఆ మంద వెనక్కి పోవాలి. రెండు వైపుల పెద్దలూ కూర్చుని చేసుకున్న ఒప్పందం అది. అంతకుముందు కర్రలు లేచేవి, తలలు పగిలేవి. గుర్తులాయన వచ్చాక ఇరవై రెండేళ్ళలో ఒక్క కర్ర లేవలేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకూ చెప్పేవాడు, అడగనివాళ్ళకూ చెప్పేవాడు.

మొదట్లో ఆయన మంద మధ్యకు వెళ్ళి, గొర్రె గడ్డం పట్టుకుని, చెవి తడిమి చూసి మరీ రాసేవాడు. పేరు పెరిగింది, మోకాళ్ళు అరిగాయి, కుర్చీ అలవాటైంది. చెప్పండి చాలు, రాసుకుంటాను అనడం మొదలుపెట్టాడు. కాదనేదెవరు? ఆయన గుర్తులాయన!

ఆ ఎండాకాలం అవతలి దూరపు మిట్టల నుంచి ఓ పెద్దాయన, తోడుగా కూతురితో, మందను తోలుకొచ్చాడు. ఈ గేటుకు రావడం అదే మొదలు. తన గొర్రెలకు కుడి చెవి కొస కోసి ఉంటుందనీ, కూతురి వాటా గొర్రెలకు మాత్రం ఎడమ చెవికి రెండు గాట్లు ఉంటాయనీ చెప్పాడు. గుర్తులాయన తల ఎత్తకుండానే రాసుకున్నాడు.

మూడు వారాలు తిరక్కుండా గుర్తులాయన బావమరిది లబోదిబోమంటూ వచ్చాడు. పదకొండు గొర్రెలు కనపడటం లేదట. పుస్తకంలో వాటి గుర్తు, కుడి చెవికి రెండు గాట్లు. ఏటి ఒడ్డంతా వెతికితే పెద్దాయన మందలో పది దొరికాయి. పదకొండోదాన్ని కోసుకు తినేశాడని బావమరిది అక్కడికక్కడే తేల్చేశాడు.

నీళ్ళ తొట్టి దగ్గర రెండు వైపుల కాపరులూ పోగయ్యారు. అవి తన కూతురివనీ, ఎడమ చెవి అని ముందే రాయించాననీ పెద్దాయన అన్నాడు. గుర్తులాయన పుస్తకం తెరిచి అందరికీ వినపడేలా చదివాడు. ఎడమ చెవి, నిజమే. తర్వాత ఆ పదింట్లో ఒకదాన్ని తనకెదురుగా నిలబెట్టి గాట్లున్న చెవి పట్టుకున్నాడు. అది ఆయన కుడిచేతి వైపు ఉంది.

పెద్దాయన తెల్లబోయాడు. "ఎడమే కదయ్యా ఇది."

"కుడి ఎడమ తెలియనివాడికి మందెందుకు పెద్దాయనా?" అన్నాడు గుర్తులాయన.

జనం గొల్లుమన్నారు. ఆ నవ్వు గుర్తులాయనకు ఎంత రుచించిందో! కూతురు ఏదో అనబోతే పెద్దాయన చెయ్యి పట్టి ఆపాడు. మర్నాడు పొద్దున్నే, ఆ పదీ బావమరిది దొడ్డికి పోగా మిగిలిన మందను తోలుకుని, చుక్క నీళ్ళు లేని మిట్టలకే తిరిగి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజు ఏటికి ఎగువనున్న కాపరి కబురు పంపాడు. బావమరిది గొర్రెలు పదకొండూ తన మందలో కలిసిపోయాయి, తోలుకుపొమ్మని. మరి దొడ్లో ఉన్న ఈ పదీ ఎవరివి? బావమరిది పరుగున గుర్తులాయన దగ్గరికొచ్చాడు. పెద్ద మనసుతో వదిలేస్తున్నామని చెప్పి గేటు దగ్గర ఇచ్చేద్దాం బావా, పుస్తకం తప్పంటే రేపు నిన్నెవరు లెక్కచేస్తారు, అన్నాడు.

గుర్తులాయన ఆ పదింటినీ పిలుస్తూ ముందు నడిచాడు. ఒక్కటీ కదల్లేదు. ఇవతలి గొర్రెలు కాపరి ముందు నడిస్తే వెంట వస్తాయి. ఇవి రావే! విసుక్కుంటూ వెనక్కి వెళ్ళి అదిలించాడు. బుద్ధిగా నడిచాయి. నడుస్తుంటే వాటి చెవులు కనపడ్డాయి. గాట్లన్నీ ఆయన ఎడమచేతి వైపే ఉన్నాయి.

ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఇవతలివాళ్ళు ముందు నడిచి, వెనక్కి తిరిగి గొర్రె మొహం చూస్తారు. అవతలివాళ్ళు జన్మంతా మంద వెనకే నడుస్తారు. ఇవతల కుడి అనే చెవే అవతల ఎడమ. పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. రాయించుకున్న రోజున లేచి ఆ చెవి ఒక్కసారి పట్టుకుని ఉంటే సరిపోయేది.

అంత తెలిసీ, గేటు దగ్గర అవతలి కాపరులు ఏమిటివి అని అడిగితే, పెద్ద మనసుతో వదిలేస్తున్నామనే చెప్పి, పెద్దాయనకు చేర్చమన్నాడు. ఛీ, ఆ నోరెలా వచ్చిందో! వారానికి ఆ పదీ గేటుకు తిరిగొచ్చాయి. వెంట పెద్దాయన మాట వచ్చింది. నేను దొంగనైతే అవి నావి కావు, నావే అయితే వదిలెయ్యడానికి మీరెవరు? ఇంకో కబురూ వచ్చింది. సంగతి తేలేదాకా వానలొచ్చినా ఇవతలి మందల్ని మిట్టలెక్కనివ్వరట.

ఆ రోజు అన్నం సహించలేదు. నిజం చెప్పకుండా ఆగుతున్నది మా తమ్ముడి కోసమా, మీ కోసమా అని భార్య అడిగింది. ఆయన పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడు.

మర్నాడు ఆ పది గొర్రెల వెనక నడుచుకుంటూ మిట్టలెక్కాడు. పెద్దాయన ఇంటి గోడ పొడుగునా తోళ్ళు ఆరుతున్నాయి. నీళ్ళందక పడిపోయిన గొర్రెల తోళ్ళు. వాటిని చూస్తూ నిలబడటం ఆయన వల్ల కాలేదు. చేతులు జోడించి, తప్పు తనదేనని, ఎలా జరిగిందో పూసగుచ్చినట్టు చెప్పాడు. పెద్దాయన అంతా విని, తాగడానికి నీళ్ళిచ్చాడు.

"ఈ మాట తొట్టి దగ్గర చెప్పావా బాబూ?"

గుర్తులాయన నీళ్ళ చెంబు కింద పెట్టాడు. లేదన్నాడు.

"అక్కడ చెప్పు. నవ్వింది అక్కడ."

చెప్పాడు. తొట్టి దగ్గర, అందరూ ఉండగా చెప్పాడు. బావమరిది సగంలోనే లేచి వెళ్ళిపోయాడు. ఎవరూ నవ్వలేదు. ఒక్కరైనా నవ్వితే బాగుండుననిపించింది ఆయనకు. పుస్తకం ఇంకెవరికైనా ఇమ్మంటే పెద్దలు ఒప్పుకోలేదు, కుర్చీ మాత్రం తీసేయించారు. వానలకు మిట్టల దారి తెరుచుకుంది. కర్రలు లేవలేదు. కానీ ఇరవై రెండేళ్ళ సంగతి ఆయన మళ్ళీ ఎవరి దగ్గరా ఎత్తలేదు.

మరుసటి ఎండాకాలం పెద్దాయన వచ్చాడు. మంద సగానికి పడిపోయింది. ఆయన దూరంగానే నిలబడ్డాడు. కూతురు ఒక గొర్రెను పట్టుకొచ్చింది. గుర్తులాయన ఎదురెళ్ళి, ఏ చెవమ్మా అని అడిగాడు. ఆమె చెవి పట్టి చూపించింది, ఎడమ అనలేదు, కుడి అనలేదు.

"నాన్న ఇప్పుడు ఆ మాట అనడానికి ముందు తన చేతులు చూసుకుంటున్నాడండీ," అంది. "ఇంట్లో కూడా."